నచ్చకపోతే పొమ్మంటే పోయిన ఊరు

1921 వేసవిలో చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయటికి నడిచారు. జంట ఊళ్లలో కలిపి సుమారు 15,000 మంది ఉంటే, వాళ్లలో దాదాపు 13,000 మంది మునిసిపల్ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టారు. కరువూ కాదు, కలరా కాదు. తమను అడక్కుండా తెచ్చి నెత్తిన పెట్టిన మునిసిపాలిటీ తమకు అక్కర్లేదన్నదే వాళ్ల గొడవంతా.

ఆ గొడవ 1919లో మొదలైంది. అప్పటిదాకా చిన్న పంచాయతీ యూనియన్‌తో గడిచిపోతున్న రెండు ఊళ్లనూ కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలు ఉన్న పన్నుల భారం దాదాపు పదింతలైంది. మగ్గం మీద బతికేవాళ్లూ కూలీనాలీ చేసుకునేవాళ్లూ ఎక్కువగా ఉన్న చోట అది చిన్న మాట కాదు. అర్జీలు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. పన్ను కట్టడం మానేశారు, కేసులు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు. వాళ్లలో ఒక మహిళ కూడా ఉంది. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. మునిసిపాలిటీ మాత్రం కదల్లేదు.

బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగిసిన కొద్దిరోజులకే, 1921 ఏప్రిల్ 6న, గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు. ఉన్నచోటే ఉండి, దెబ్బలు పడినా చెయ్యెత్తకుండా పన్ను నిరాకరించడం ఒకటి. హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. ఉద్యమాన్ని నడుపుతున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోదే పట్టుకున్నారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి, కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి సంస్కృత నాట్య గ్రంథం ‘అభినయ దర్పణం’ ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడాయన. ఆ పుస్తకాన్ని 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. అలాంటివాడు నాలుగేళ్లు తిరిగేసరికి పాకల మధ్య జనానికి నాయకుడై నిలిచాడు.

ఆ జనం చేసిన పని వెనక రాజనీతి శాస్త్రంలోని చాలా పాత ప్రశ్న ఒకటుంది. మనిషి ప్రభుత్వానికి ఎందుకు లోబడాలి? ‘ఒప్పుకున్నాడు కాబట్టి’ అన్నది ఒక జవాబు. ఎప్పుడు ఒప్పుకున్నాడు, ఎవరితో ఒప్పుకున్నాడు అని అడిగితే, ఊళ్లో ఉండటమే ఒప్పుకోవడం అంటారు. ప్లేటో రాసిన ‘క్రీటో’లో ఏథెన్స్ చట్టాలే మనిషిలా నోరు విప్పి సోక్రటీస్‌తో వాదిస్తాయి: నచ్చకపోతే మూటాముల్లె సర్దుకుని వెళ్లే వీలుంది, డెబ్బై ఏళ్లు ఉండిపోయావు, ఇక కాదనే హక్కు నీకు లేదని. 1689 చివర్లో వెలువడిన గ్రంథంలో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ ఈ వాదానికి గట్టి పునాది వేశాడు. రాజ్యం హద్దుల్లో భూమిని అనుభవించేవాడు, అక్కడి బాట మీద నడిచేవాడు సైతం నోరు తెరిచి చెప్పకపోయినా ఒప్పుకున్నట్టే అన్నాడు.

మరో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్‌కు ఈ వాదం మింగుడుపడలేదు. రెక్కల కష్టం మీద రోజు గడుపుకునే పేద రైతుకు పరాయి భాష రాదు, పరాయి ఆచారం తెలియదు. అలాంటివాడు దేశం వదలకపోవడాన్ని సమ్మతి అనడం ఏం న్యాయమని 1748లో అడిగాడు. నిద్రలో ఉండగా ఓడ ఎక్కించి నడిసముద్రానికి తీసుకెళ్లి, ఇష్టం లేకపోతే దూకొచ్చుగా అన్నట్టుందని ఎద్దేవా చేశాడు.

చీరాల జనం ఒకరకంగా దూకి చూపించారు. నిజానికి వాళ్లు దాటింది దేశం హద్దు కాదు, ఊరి హద్దే. అయినా ‘ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నారు’ అనే మాటకు చోటు లేకుండా చేశారు. చిక్కల్లా ఇంకోచోట ఉంది. లాక్ లెక్కలో సమ్మతిని వెనక్కి తీసుకునేవాడు ఆస్తిని కూడా వదులుకోవాలి. చీరాలవాళ్లు మనుషులుగా బయటికి వచ్చారు గానీ వాళ్ల ఇళ్లు హద్దు లోపలే ఉన్నాయి. ఇంటి పన్ను ఇంటికే అంటిపెట్టుకుని ఉంటుంది. యజమాని పాకలో పడుకున్నాడా మేడలో పడుకున్నాడా అని చూడదు.

ఊరు వదిలి నిరసన చెప్పడం లోకానికి కొత్తేమీ కాదు. క్రీస్తుపూర్వం 494లో రోము సామాన్య ప్రజలు అప్పుల బాధ తాళలేక నగరం వదిలి ఒక కొండ మీద కూర్చున్నారని చరిత్రకారుడు లివీ రాశాడు. యుద్ధాలకు వాళ్లే సైనికులు. అందుకే పెద్దింటివాళ్లు దిగివచ్చి, సామాన్యుల తరఫున అడ్డుచెప్పే ట్రిబ్యూన్ పదవిని ఒప్పుకున్నారు. మన దగ్గర 1810-11లో కంపెనీ ప్రభుత్వం ఇంటి పన్ను వేస్తే బనారస్ జనం దుకాణాలు మూసి, పనులు ఆపి, ఊరి బయట మైదానంలో బైఠాయించారు. చరిత్రకారుడు ధరంపాల్ ఆనాటి కాగితాలు వెలికితీసి 1971లో పుస్తకంగా వేశారు. ఆ పన్ను చివరికి రద్దయింది. రోముకు సైనికులు కావాలి, బనారస్‌కు పనివాళ్లు కావాలి. చీరాల నేతగాళ్లు లేకపోతే మద్రాసులో ఏ పనీ ఆగదు. గోపాలకృష్ణయ్య ధైర్యం ముందు ఈ తేడా అప్పట్లో చిన్నదిగా కనిపించి ఉండాలి.

రామ్‌నగర్ పాకల గుంపుగా మిగిలిపోలేదు. అన్ని కులాల ప్రతినిధులతో ఒక సభ పెట్టుకున్నారు, తగాదాలు అక్కడే తీర్చుకున్నారు. కాపలా, క్రమశిక్షణ గోపాలకృష్ణయ్య తయారుచేసిన రామదండు అనే వాలంటీర్ల దళం చూసుకునేది. ప్రభుత్వాన్ని కాదన్నవాళ్లు మొట్టమొదట చేసుకున్నది మరో ప్రభుత్వాన్నే! ఈసారి మాత్రం అడిగి చేసుకున్నారు.

అవతలి పక్షాన్ని ఉత్త తెల్లదొరల పాలనగా చూస్తే సగం కథే తెలుస్తుంది. కొత్త రాజ్యాంగ సంస్కరణలతో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. ఆ మంత్రి జస్టిస్ పార్టీ నాయకుడు, తెలుగువాడు, పానగల్లు రాజా. ఎన్నికలయ్యాయి, మనవాడే మంత్రి, పేరులోనే స్వపరిపాలన ఉంది. ఇక అభ్యంతరం దేనికన్నది ప్రభుత్వం ధోరణి. వోటు హక్కు ఆస్తిపరులకే ఉన్న ఆ కాలంలో, ఎవరి స్వపరిపాలన అన్నది చీరాల ప్రశ్న.

పాకల్లో ఎండా వానా చలీ గడిచాయి. డబ్బు అయిపోయింది. ఉద్యమం కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్యను నిషేధాజ్ఞలు మీరి ప్రసంగించినందుకు బరంపురంలో పట్టుకున్నారు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేక, చేతిలో కాసు లేక, సుమారు పదకొండు నెలల తర్వాత జనం పాత ఇళ్లకు మళ్లారు. మునిసిపాలిటీ రద్దు కాలేదు.

తొమ్మిదేళ్లకు, 1930లో, గుజరాత్‌లోని బార్డోలీ రైతులు ఇదే దారి పట్టారు. పక్కనే బరోడా సంస్థానం ఉంది కనుక వాళ్లు నిజంగానే మరో రాజ్యంలోకి దాటగలిగారు. భూములు మాత్రం వెనకే ఉండిపోయాయి. బ్రిటిష్ ప్రభుత్వం వాటిని జప్తు చేసి చాలావాటిని అమ్మేసింది. 1937లో బొంబాయిలో కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడి, ప్రత్యేకంగా చట్టం చేశాకే అవి సొంతదార్లకు తిరిగి దక్కాయి.