నామమా, వస్తువా? – లంకెల రచనావ్యవస్థకు రేగొండ యొక గీటురాయి

ఒక వ్రాతలోని పదమును తాకినంతనే తత్సంబంధి యగు వేఱొక వ్రాత ఎదుట నిలుచునట్లు కూర్చిన రచనావ్యవస్థకు హైపర్‌టెక్స్టు అని పేరు. ఈ పదమును 1965లో అమెరికా దేశీయుడైన టెడ్ నెల్సన్ వాడుకలోనికి దెచ్చెను. పదము క్రొత్తదే కాని ప్రశ్న ప్రాతది. విషయములను ఏ క్రమమున నిలుపవలెను, ఒకదానినుండి మఱొకదానికి త్రోవ ఎట్లు చూపవలెను అను ప్రశ్నలను మన నిఘంటుకర్తలును, విజ్ఞానసర్వస్వ సంపాదకులును బహుకాలముగా ఎదుర్కొనుచునే యున్నారు. వారి సమాధానములను, యంత్రశాస్త్రజ్ఞుల నమూనాలను ఒక్కచో నుంచి, రేగొండ అను నొక్క ఊరిని గీటురాయిగా గొని పరీక్షించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదటి సమాధానము వర్గక్రమము. సంస్కృతమున అమరకోశము ఈ మార్గమును స్థిరపఱచినది. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గములుగా విభజించెను. ఇందు తొలి నాలుగు వర్గములును వస్తువులనుబట్టి ఏర్పడినవి. ఒక వస్తువునకు గల పలు పేర్లు ఒక్కచో జేరును. కడపటి నానార్థవర్గము దీనికి విలోమము: ఒక్క పేరునకు గల పలు వస్తువులు అచ్చట జేరును. పేరు వేఱు, వస్తువు వేఱు అను వివేకము ఈ విభాగముననే నిక్షిప్తమై యున్నదని మేము తలంచుచున్నాము.

రెండవ సమాధానము అకారాదిక్రమము. బ్రౌను దొర నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) ఈ మార్గమున నడచినవి. ఇందు వెదకుట సులభము. కాని చుట్టములగు పదములు దూరదూరముగా చెదరిపోవును. ఆ యెడబాటును తీర్చుటకే నిఘంటువులయందు ‘చూడుము’ అను సూచన పుట్టినది. అచ్చుకాగితముపై లంకెకు తొలిరూపము ఇదియే.

విజ్ఞానసర్వస్వముల యందును ఈ రెండు మార్గములే కానవచ్చును. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాదిగా నారంభించి, తొలి యక్షరముల పరిధి దాటకమున్నే 1923లో కీర్తిశేషులైరి. తరువాత తెలుగు భాషా సమితి విషయమున కొక సంపుటముగా వర్గమార్గము నవలంబించినది. హైదరాబాదున 1958లో ప్రథమసంపుటము వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము తిరిగి అకారాదినే చేపట్టినది. ఒక గ్రామమును గూర్చిన వ్యాసము భూగోళమున జేరవలెనా, చరిత్రలో జేరవలెనా? వర్గమార్గమున ఒకదానినే కోరుకొనవలసి వచ్చును. అకారాదిలో ఆ చిక్కు లేదు. కాని అచ్చట ఊరు తన చుట్టునున్న ప్రాంతమునుండి విడివడి ఒంటిగా నిలుచును.

ఈ యిరుకునుండి బయటపడుటకే యంత్రశాస్త్రజ్ఞులు మూడవ మార్గమును ఊహించిరి. 1945లో వన్నెవర్ బుష్ మెమెక్స్ అను ఊహాయంత్రమును వర్ణించుచు, పాఠకుడు తాను నడచిన త్రోవను భద్రపఱచుకొని ఇతరులకును ఈయగలడని సూచించెను. 1983లో రాండల్ ట్రిగ్ తన పరిశోధనలో ప్రతి లంకెకును ఒక జాతి యుండవలెనని ప్రతిపాదించెను: ఇది ఖండనము, ఇది సమర్థనము, ఇది ఉదాహరణము అని లంకెయే చెప్పవలెను. 1988లో డెక్స్టర్ అను సత్రమున గూడిన పండితుల చర్చలనుండి రూపొందిన డెక్స్టర్ నమూనా మఱింత శాస్త్రీయము. దీని ప్రకారము ప్రతి ఖండికకును మార్పులేని గుఱుతొకటి యుండవలెను. లంకె సైతము స్వతంత్రమైన ఖండికయే. వ్రాతలోపల లంకె తగులుకొను చోటు వేఱుగా నిర్దేశింపబడవలెను. 1989లో టిం బెర్నర్స్‌లీ ప్రతిపాదించిన వెబ్ ఈ నియమములలో బెక్కింటిని సడలించి, లంకెను పుటలోననే పొదిగినది. సౌలభ్యమువలన అది లోకమంతట వ్యాపించినది. లంకె చేరిన చోటు మాఱినను లంకెకు తెలియకుండుట దానికి చెల్లించిన వెల.

2003లో నారంభమైన తెలుగు వికీపీడియా ఈ వెబ్‌పైననే నెలకొన్నది. దానియందు ‘వర్గము’ ఉన్నది. ఒక వస్తువు పలు వర్గములలో నుండవచ్చును. ‘దారిమార్పు’ ఒక వస్తువునకు గల పలు పేర్లను గూర్చును. ‘అయోమయ నివృత్తి’ ఒక పేరునకు గల పలు వస్తువులను విడదీయును. నానార్థవర్గము పనిని ఈ కడపటిది చేయుచున్నది.

ఇక పరీక్ష. రేగొండ స్థానము మాఱలేదు. దాని చుట్టునున్న పేర్లు మాఱినవి. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాల పునర్విభజనమున రేగొండ వరంగల్ జిల్లానుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనికి వచ్చినది. అంతటితో ముగిసినచో చిక్కు స్వల్పము. ఆనాడు ఏర్పడిన వరంగల్ గ్రామీణ జిల్లాకే 2021లో వరంగల్ జిల్లా అను పేరు పెట్టబడినది. వరంగల్ పట్టణ జిల్లా హనుమకొండ జిల్లా యైనది. కావున 2010లో ‘రేగొండ వరంగల్ జిల్లాలోనిది’ అని వ్రాసి, జిల్లా పేరునకు లంకె వేసినవారి వాక్యము ఆనాటికి సత్యము. పేరునే నమ్ముకొన్న ఆ లంకె నేడు రేగొండతో సంబంధము లేని మఱియొక జిల్లాకు చేర్పవచ్చును. లంకె తెగినచో పాఠకుడు మేల్కొనును. తెగక తప్పుచోటికి చేర్చినచో మోసపోవును.

రెండవ పరీక్ష రేగొండ సమీపముననే యున్నది. పాండవుల గుట్టలయందలి రాతిచిత్రములలో చరిత్రపూర్వ యుగమునకు జెందినవి గలవు. గుట్ట పేరు భారతకథవైపు త్రోవ చూపును. చిత్రములు పురావస్తుశాస్త్రమువైపు చూపును. రెండు లంకెలును ఉండదగినవే. కాని మొదటిది జనుల విశ్వాసమునకు గుఱుతు, రెండవది కాలనిర్ణయమునకు ఆధారము. వెబ్‌లో సామాన్యముగా రెండును ఒక్క రంగుననే కానవచ్చును. ట్రిగ్ కోరిన జాతిభేదము ఇచ్చట ఎంత యవసరమో స్పష్టము.

2012లో నారంభమైన వికీడేటాలో ప్రతి వస్తువునకును పేరుతో నిమిత్తము లేని సంఖ్య యొకటి యుండును. ఒక ఊరు ఏ జిల్లాలో ఏనాటినుండి ఏనాటివఱకు ఉన్నదో చెప్పుటకు వీలుండును. సంబంధమునకు పేరు పెట్టక లంకె వేయుట అసాధ్యము. డెక్స్టర్ నమూనా కోరిన స్థిరమైన గుఱుతు, ట్రిగ్ కోరిన జాతి ఇచ్చట కొంత నెఱవేఱినవి.

పరిశోధక విద్యార్థులకు మేము విన్నవించునది ఇంతయే. శాసనస్థలమును గాని, గ్రామమును గాని పేర్కొన్నప్పుడు జిల్లా పేరుతో బాటు సంవత్సరమును వ్రాయవలెను. లంకె వేయునపుడు పేరునకు గాక వస్తువునకు వేయవలెను. అది విశ్వాసమో, ఆధారమో తెలుపవలెను. నానార్థవర్గమును వేఱుగా నిలిపిన లక్ష్మణకవికి ఈ జాగ్రత్త తెలియును. యంత్రము చేతికి వచ్చినంతమాత్రమున మనము దానిని మఱువదగదు.