కుళాయి వాషరు ఎవరు మార్చాలి?

2007లో బెంగుళూరులో ఫ్లాటు ఖాళీ చేసినప్పుడు ఓనరుగారు నా అడ్వాన్సులో రెండు కోతలు కోశారు. పెయింటింగుకి ఒక నెల అద్దె, ఎనిమిది వేలు. వంటింటి సింకు కింద చెక్క కబోర్డు ఉబ్బిపోయినందుకు మూడు వేలు. పది నెలల అద్దె ఆయన దగ్గర పెట్టుకుని మనం గట్టిగా ఏం మాట్లాడతాం? మిగిలింది పుచ్చుకుని వచ్చేశా. ఆ కోపంలోనే అసలు చట్టం ఏమంటుందో చదవడం మొదలెట్టా. (నేను లాయర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఆ మేరకే నమ్మండి.)

మన దేశంలో దీనికి మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎలా పుచ్చుకున్నామో అలాగే అప్పగించాలి. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలా, మన చేతిలో లేని విపత్తూ మన ఖాతాలోకి రావు. అంతేకాదు, ఓనరు తను చెయ్యాల్సిన రిపేరు నోటీసిచ్చాక కూడా తగిన గడువులో చెయ్యకపోతే, మనమే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. 1882లోనే!

ఎగిరి గంతేశా. గోడ రంగు వెలవడం అరుగుదలే కదా? కానీ ఆ సెక్షన్ మొదట్లోనే మెలిక ఉంది. ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేకపోతేనే ఇవన్నీ వర్తిస్తాయట. మన భాషలో చెప్పాలంటే ఇవి డిఫాల్టు వాల్యూలు, అగ్రిమెంటు వాటిని ఓవర్‌రైడ్ చేస్తుంది. నా అగ్రిమెంటు తీసి చూస్తే పెయింటింగుకి ఒక నెల అద్దె అని శుభ్రంగా రాసుంది. కింద నా సంతకం. చదవకుండా పెట్టింది.

సరే, మరి కబోర్డు? చిల్లర రిపేర్లు ఎవరివో 1882 చట్టం జాబితా ఇవ్వలేదు. 1953లో ఇంగ్లండు అప్పీలు కోర్టుకి ఒక కేసొచ్చింది. గోడలు చెమ్మెక్కి, కిటికీలు పాడైతే ఆ ఖర్చు వారం అద్దె మీద ఉండే మనిషి భరించాలని ఓనరు వాదన. కోర్టు కుదరదంది. జడ్జి డెన్నింగ్ చెప్పిందేమిటంటే, అద్దెకున్నవాడు ఇంటిని బుద్ధిగా వాడుకుంటే చాలు. ఫ్యూజు పోతే చూసుకోవాలి, తన చెత్తతో సింకు పూడితే తీసుకోవాలి. ఇల్లు పాతబడి పాడైతే అది అతని తప్పు కాదు.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీన్నే జాబితాగా రాసిపెట్టింది. గోడల సున్నం, తలుపులకి రంగు, పైపులు, వైరింగు ఓనరువి. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు, కిటికీ అద్దాలు అద్దెదారువి. కాకపోతే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలు.

ఇప్పుడు నిజం ఒప్పుకుంటా. ఆ సింకు కుళాయి మొదట్లోంచి ఎనిమిది నెలలు నీళ్ళు కారాయి. మన ఇల్లు కాదుగా అని ఊరుకున్నా. 1882, 1953, 2021, ఎలా చూసినా కబోర్డు కేసు నేను ఓడిపోయేదే. ఎనిమిది వేలు చదవకుండా సంతకం పెట్టినందుకు, మూడు వేలు ఐదు రూపాయల వాషరు మార్చనందుకు.

అప్పట్నించీ ఏ ఇంట్లో దిగినా మొదటిరోజే ప్రతి గోడా, ప్రతి కుళాయీ ఫోటో తీసి ఓనరుకి మెయిల్ చేస్తున్నా. పుచ్చుకున్నప్పుడు ఎలా ఉందో రుజువు లేకపోతే, అరిగిందా మనమే పాడుచేశామా అన్నది ఏ చట్టం తేలుస్తుంది చెప్పండి?