చక్రమును పాదరసమును

భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో ఒక యంత్రము వర్ణింపబడినది. తేలికైన కొయ్యచక్రమునకు గుల్లగా, ఒకింత వంకరగా నుండు ఆకులు అమర్చి, వానిలో సగము వరకు పాదరసము పోసి మూతులు బిగించినచో, ఆ చక్రము తనంతట తానే తిరుగునట. బ్రహ్మగుప్తుడు 628లోనే ఇట్టిదానిని తెలిపియున్నాడు. పూర్వుల యెడ ఎంత గౌరవమున్నను నిజము చెప్పవలెను: అది తిరుగుచునే యుండదు. దిగు పాదరసము ఇచ్చిన బలమంతయు ఎక్కు పాదరసమునకు వ్యయమగును. జమాఖర్చులు సరిపోయిన పద్దులో నిల్వ యెక్కడిది?

అయినను ఆ రెండింటి పొత్తు వ్యర్థము కాలేదు. తిరుగు వస్తువునకు విద్యుత్తు నందించుట చిక్కు పని. తీగను కట్టివేసినచో నాలుగు చుట్లకే పురిపడి తెగును. మన యిండ్లలోని మిక్సీలో బొగ్గు బ్రష్షులు ఒరయుచుండుట అందులకే. అవి అరుగును, నిప్పురవ్వలు రాల్చును. పాదరసమో, లోహమయ్యును నీటివలె పారునది. వస్తువు ఎట్లు తిరిగినను దానిని విడువదు, అరుగదు.

పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుచు, ఆ పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైన మైకేల్ ఫారడే 1821 సెప్టెంబరులో లండనులో దీనిని వినియోగించెను. (గ్రంథాలయ పాఠకులు ఈతని చరిత్ర తప్పక చదువదగినది.) గిన్నెలో పాదరసము పోసి, నడుమ అయస్కాంతమును నిలిపి, వ్రేలాడు తీగకొన రసమును తాకునట్లు చేసి విద్యుత్తు పంపగా, తీగ అయస్కాంతమునకు ప్రదక్షిణము చేసెను. 1822లో పీటర్ బార్లో నక్షత్రాకారపు చక్రము కొనలను పాదరసపు తొట్టిలో మునుగనిచ్చి త్రిప్పెను.

ఆ బొమ్మవంటి చక్రమే పిమ్మట కరణీకము చేసినది! 19వ శతాబ్ది చివర ఇంగ్లాండులో ఫెరాంటీ నిర్మించిన డి.సి. మీటరులో రాగిబిళ్ల పాదరసములో మునిగియుండెడిది. రాగి రసముకంటె తేలిక గనుక ఇరుసుపై బరువు అంతగా పడదు. విద్యుత్తు రసము గుండా బిళ్లలో ప్రవేశించి, అయస్కాంతబలమున దానిని త్రిప్పగా, పండ్లచక్రములు వాడకమును లెక్కించెడివి. ఎ.సి. వచ్చిన పిదప, తీగ తాకకయే తిరుగు అల్యూమినియపు బిళ్ల మీటరు మన గోడల కెక్కెను. రసముతో పని తీరెను.

మానుటకు వేరొక కారణమును గలదు. పాదరసపు ఆవిరి కంటికి కనబడదు, వాసన లేదు, కాని విషము. ఉప్పల్, నాచారము కార్ఖానాలకు పోవు మన చిల్కానగరవాసులు దీనిని ఎరిగియుండవలెను. జపానులోని మినమాటాలో ఒక కార్ఖానా నీటిలో గలిసిన పాదరస సమ్మేళనము చేపల ద్వారా జనుల నరములను చెరచినట్లు 1956 నుండి బయల్పడెను. ఆ యూరి పేరిటనే 2013లో అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. భారతదేశము 2018లో దానిని ధ్రువపరచెను.

ఇప్పుడు గాలియము, ఇండియము, తగరము కలిపిన ద్రవలోహమును బదులుగా వాడి చూచుచున్నారు. దానికి అట్టి విషపుటావిరి లేదు. కాని గాలి సోకినచో పైన పొర కట్టును, అల్యూమినియమును తినివేయును. కనుక కొన్ని మూతవేసిన తిరుగు సంధులలో పాదరసమే నేటికిని కొలువు చేయుచున్నది.