కొమ్ముతో తాగే యవనుడు

మా మార్కాపురం నుంచి ఎర్రగొండపాలెం మీదుగా మాచర్ల దాటి వెళితే కృష్ణానది వస్తుంది. అక్కడి నాగార్జునకొండ లోయలో, క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో, విజయపురి ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగింది. 1927-31 నడుమ లాంగ్‌హర్స్ట్ తవ్వకాలలో బయటపడిన శిల్పాలలో గడ్డపు మనిషి ఒకడున్నాడు. నడుము పైన బట్ట లేదు. చేతిలో తాగే కొమ్ము, పక్కన కుండ. ఆ వేషం మనది కాదు. గ్రీకుల మధుదేవత డయొనైసస్ ఛాయ అతనిలో ఉందని కొందరు పండితులు భావించారు. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యం కట్టించిన ఊరిలో, సురాపానం వద్దన్న బుద్ధుని నీడలో, ఇతగాడు నిర్భయంగా నిలబడి ఉండడం నాకెప్పుడూ చిత్రంగానే తోస్తుంది.

ఆ కుండలో ఏముంది? కల్లైనా కావచ్చు. అయితే ద్రాక్షమధువు ఆనాటి భారతానికి కొత్త కాదు. అర్థశాస్త్రం ద్రాక్షరసాన్నే 'మధువు' అంది, కాపిశాయనం, హారహూరకం అని పుట్టినచోటును బట్టి పేర్లు కూడా చెప్పింది (నేటి బోర్డో, బర్గండీల వలెనే!). ఒకటవ శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్ భరుకచ్ఛ రేవులో దిగే సరుకులలో ద్రాక్షమద్యాన్ని చేర్చి, అందులో ఇటలీదానికే గిరాకీ అంటుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ తవ్వితే మధ్యధరా మధుభాండాల పెంకులు దొరికాయి.

రోమనులు మేలురకాన్ని ఏళ్ళ తరబడి మాగనిచ్చేవారు. మాగడమంటే ఏమిటో నాకు బెంగుళూరులో ఒక భోజనశాలలో తెలిసింది. స్పెయిన్‌లోని ప్రియొరాట్ సీమది, పద్దెనిమిదేళ్ళ ఎర్ర వైను. బలవంతం మిత్రునిది, ఖర్చూ అతనిదే. వడ్డించేవాడు అడుగున చేరిన మడ్డి కదలకుండా మెల్లగా వేరొక గాజుకూజాలోకి వంచాడు. గ్లాసు వంచి చూస్తే అంచున ఇటుకరంగు. వాసనలో ఎండుపళ్ళు, తోలు, తొలకరి మట్టి. నోట్లో ముందు ఒగరు, నేరేడుపండు తొక్కలోని ఒగరే, కానీ కాలం దాని పదును అరగదీసింది. ఒగరునిచ్చే టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి, కొంత రంగుతో సహా కిందికి దిగుతాయట; ఆ మడ్డి అదే. "ఈ తీగలు పలకరాతి నేలలో పెరుగుతాయండీ" అన్నాడతను. పలకల ఊరివాడికి చెబుతున్నానని తెలియదు పాపం. మా రాయి ఎన్ని ఊళ్ళ పిల్లలచేతనో ఓనమాలు దిద్దించింది గాని, ద్రాక్షతో పేరు తెచ్చుకోలేదు.

ఈ సంగతి వ్రాయబోతే మాట దగ్గర ఆగిపోయాను. 'ద్రాక్షసారా' అనడం వాడుకలో ఉంది. నాకు చేయి రాలేదు. సారా కాచి దింపేది, వైను పులిసి మాగేది. అది చిన్న అభ్యంతరం. అసలుది వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. రెండవది 1997లో సడలిపోయింది. గిద్దలూరు, మార్కాపురం పల్లెలలో సారా అంటే తాకట్టుపోయిన పుస్తెలు, పస్తు పడుకున్న పిల్లలు. ఆ మాటను తెచ్చి గాజుగ్లాసులోని ఇటుకరంగుకు అంటించడం ఆ తల్లులపట్ల అపచారమనిపించి, కౌటిల్యుని 'మధువు'నే తీసుకున్నాను.

రాతిలో చెక్కిన కుండను ఎలాగూ పరీక్షించలేము. మట్టిపెంకులలోనైతే టార్టారిక్ ఆమ్లపు జాడ వెతకవచ్చు. ద్రాక్షమధువును పోల్చడానికి రసాయనజ్ఞులు చూసే ముఖ్యమైన గుర్తు అది. చిక్కేమిటంటే ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో, శాతవాహనుల నాటి స్తూపం దగ్గరి పెంకులకు రేపెవరైనా ఆ పరీక్ష చేస్తే, బయటపడేది యవనుల మధువో, భిక్షువులకు వడ్డించిన పులుసో!