కోర్టు వదిలి మైకు పట్టిన లాయరు: హోవర్డ్ కోసెల్

బాక్సింగ్ అనగానే మనకు ముందు గుర్తుకొచ్చే పేరు ముహమ్మద్ అలీ. అలీ పాత ఇంటర్వ్యూలు చూస్తే చాలావాటిలో పక్కన ఒక పెద్దాయన కనిపిస్తారు. పొడుగు మనిషి, ముక్కుతో మాట్లాడే గొంతు, తలమీద విగ్గు. ఆ విగ్గు పీకేస్తానని అలీ కెమెరా ముందరే బెదిరించేవాడు, చూసేవాళ్ళు పడిపడి నవ్వేవాళ్ళు. ఆయనే హోవర్డ్ కోసెల్. ఇది ఆటల వ్యాసం కదా, చరిత్రలో ఎందుకు రాసినావని నా స్నేహితులు అడిగినారు. కోసెల్ ఆటగాడు కాదు, లాయరు. 1960లలో అమెరికాలో నడిచిన పెద్ద గొడవల్లో ఒకదాని మధ్యలో మైకు పట్టుకొని నిలబడిన మనిషి.

ఆయన 1918 మార్చి 25న నార్త్ కరోలినా రాష్ట్రంలోని విన్‌స్టన్-సేలంలో ఒక యూదు కుటుంబంలో పుట్టినారు. పెరిగింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. తండ్రి లెక్కలు చూసే ఉద్యోగి. పుట్టినప్పటి ఇంటిపేరు కోహెన్. పెద్దయినాక దాన్ని కోసెల్ అని మార్చుకున్నారు. పోలండ్ నుంచి వచ్చిన తమ పెద్దల అసలు పేరుకు ఇదే దగ్గరని చెప్పేవారు. ఈ పేరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

న్యూయార్క్ యూనివర్సిటీలో లా చదివి 1941లో లాయరు అయినారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం రవాణా విభాగంలో చేరి మేజరు వరకు ఎదిగారు. యుద్ధం అయిపోయినాక న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెట్టి ఎక్కువగా కార్మిక సంఘాల కేసులు చూశారు. బేస్‌బాల్ వీరుడు విల్లీ మేస్ కూడా ఆయన క్లయింటే.

చిన్న పిల్లలు బేస్‌బాల్ ఆడే లిటిల్ లీగ్ అనే సంస్థకు కోసెల్ న్యూయార్క్‌లో లాయరుగా ఉండేవారు. 1953లో ఏబీసీ రేడియో వాళ్ళు ఆ పిల్లలతో ఒక కార్యక్రమం నడపమని అడిగినారు. పిల్లలు పెద్ద ఆటగాళ్ళను ప్రశ్నలు అడగాల, ఈయన నడిపించాల. జీతం లేదు. ఒక పైసా తీసుకోకుండా మూడేళ్ళు చేశారు! 1956లో ప్రాక్టీసు వదిలేసి పూర్తిగా రేడియోకి వచ్చేసినారు. అప్పటికి వయసు 38, ఇంట్లో భార్య ఎమ్మీ, ఇద్దరు ఆడపిల్లలు. మన ఇళ్ళల్లో ఎవరైనా నల్లకోటు విప్పేసి రేడియోలో మాట్లాడతానంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఎమ్మీ మాత్రం చివరి వరకు తోడుగా ఉన్నారు.

బరువైన టేప్ రికార్డరు మోసుకొని ఆటగాళ్ళ గదులకు వెళ్ళి, సాక్షిని బోనులో నిలబెట్టి అడిగే మాదిరి అడిగేవారు. ఓడిపోయిన కోచ్‌ని ఎందుకు ఓడినారని మొహం మీదే అడగడం అప్పటి ఆటల విలేఖరులకు అలవాటు లేదు. చాలామంది జట్లను పొగుడుతూ కాలం గడిపేవాళ్ళు. అందుకే ఆయనంటే కొందరికి ప్రాణం, కొందరికి ఒళ్ళుమంట.

1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో 22 ఏళ్ళ కాసియస్ క్లే, సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయినాడు. ఆ పోటీని రేడియోలో వినిపించినవాళ్ళలో కోసెల్ ఒకరు. కొద్ది రోజులకే క్లే తాను ముస్లింనని చెప్పి ముహమ్మద్ అలీ అని పేరు మార్చుకున్నాడు. పత్రికలు ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి క్లే అనే రాసినాయి. క్లే అన్నది తన తాతముత్తాతలను బానిసలుగా ఉంచుకున్నవాళ్ళ పేరని అలీ బాధ. మొదటి నుంచీ అలీ అని పిలిచిన కొద్దిమందిలో కోసెల్ ఒకరు. తన పేరు తాను మార్చుకున్న మనిషికి ఇంకొకరు మార్చుకుంటే తప్పెట్లా అనిపిస్తుంది?

మన తమిళనాడు తెలుగువాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది అనుకుంటాను. తమిళంలో ప, బ, భ లకు ఒకటే అక్షరం కాబట్టి కాగితాల మీద బాబు పాపు అయిపోతాడు. అది లిపి ఇబ్బంది, ఎవరి తప్పూ కాదు. కావాలనే వేరే పేరుతో పిలిస్తే మాత్రం అది వేరే సంగతి.

అసలు పరీక్ష 1967లో వచ్చింది. ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో అలీ సైన్యంలో చేరనన్నాడు. వియత్నాం యుద్ధానికి పోవడం తన మతానికి విరుద్ధమన్నాడు. అదే రోజు న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ అతని లైసెన్సు నిలిపేసింది, ఛాంపియన్ పట్టం కూడా లాగేసుకున్నారు. ఇక్కడ కోసెల్ లోపలి లాయరు లేచినాడు. ఆ రోజుకి అలీ మీద కేసు విచారణే జరగలేదు. కోర్టు నేరస్థుడని చెప్పింది జూన్ 20న, అయిదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా వేసింది కూడా అప్పుడే. దాని మీద అప్పీలు ఉంది. మరి తీర్పు కంటే ముందే మనిషి బతుకుతెరువు లాగేసుకునే హక్కు కమిషన్‌కు ఎవరిచ్చారు? విచారణ లేకుండా శిక్ష వేయకూడదని అమెరికా రాజ్యాంగం చెబుతోంది కదా, అని ఆయన మైకులో అడుగుతూనే ఉన్నారు. యుద్ధం మంచిదా చెడ్డదా అన్నది ఆయన వాదన కాదు, ఆయన స్వయంగా సైన్యంలో పనిచేసి వచ్చినవారే. సివిక్స్‌లో మనం 21వ అధికరణం చదువుతాం కదా, ఆ దారిలోదే ఈ వాదన.

ఉత్తరాలు కుప్పలుగా వచ్చినాయి, యూదులనూ నల్లవాళ్ళనూ కలిపి తిడుతూ. అలీ మూడున్నరేళ్ళు రింగు ఎక్కలేదు, అవి బాక్సర్‌కు మంచి వయసు. 1970లో ఒక ఫెడరల్ జడ్జి, ఇదే కమిషన్ నేరం రుజువైనవాళ్ళకు, సైన్యం నుంచి పారిపోయినవాళ్ళకు కూడా లైసెన్సులు ఇచ్చిందని చూపించి అలీ లైసెన్సు ఇప్పించాడు. 1971 జూన్ 28న సుప్రీం కోర్టు 8–0తో శిక్ష కొట్టేసింది. గెలిపించింది అలీ లాయర్లు, కోసెల్ కాదు. అయితే ఎవరూ వినడానికి ఇష్టపడని రోజుల్లో ఆ వాదనను ఇంటింటికీ వినిపించింది ఆయనే.

1970 నుంచి టీవీలో సోమవారం రాత్రి ఫుట్‌బాల్ కార్యక్రమంతో కోసెల్ ఇంకా పేరు పొందారు. 1980 డిసెంబర్ 8న గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపారన్న వార్త కోట్లమందికి ఆట మధ్యలో ఈయన గొంతులోనే తెలిసింది.

ఆయన్ను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. గర్వం జాస్తి, తనతో పనిచేసినవాళ్ళనే పుస్తకంలో దుమ్మెత్తి పోశారు. 1983లో ఒక నల్లజాతి ఆటగాణ్ణి వ్యాఖ్యానంలో చిన్న కోతి అన్నారు. ముద్దుగా అన్నానని, మనవళ్ళనూ అట్లే అంటానని చెప్పుకున్నారు. తెల్ల ఆటగాళ్ళనూ అన్నది నిజమే. అయినా ఆ మాట చరిత్ర తెలిసిన మనిషి అనకుండా ఉండాల్సింది.

1982లో హ్యూస్టన్‌లో లారీ హోమ్స్ చేతిలో టెక్స్ కాబ్ 15 రౌండ్లు దెబ్బలు తినడం చూసి, ప్రొఫెషనల్ బాక్సింగ్ వ్యాఖ్యానం మానేశారు. పేరు తెచ్చిపెట్టిన ఆటనే వదిలేసినారు. 1985లో టీవీ పని కూడా పోయింది. రేడియో మాత్రం మిగిలింది. 1992 వరకు అందులో మాట్లాడుతూనే ఉండి, 1995 ఏప్రిల్ 23న న్యూయార్క్‌లో కన్నుమూశారు.