తెర మీది నీలం

ఇంకా ఆరు కాలేదు. విశాఖలో రాస్ హిల్ మెట్లెక్కి, చర్చి దగ్గర పిట్టగోడకు మోచెయ్యి ఆనించి నిలబడ్డారు మీరు. పక్క గుట్ట మీద దర్గా, ఆ పక్క గుట్ట మీద వెంకన్న గుడి. ముగ్గురి చూపూ పోర్టు మీదే. చేతిలో ట్యాబ్, తెల్లటి పెన్ను. భుజాన సంచిలో మాత్రం పాత అలవాటు పోక రెండు బ్రష్‌లు, ఒక గుడ్డపీలిక.

కింద 1933లో మొదటి ఓడ వచ్చి ఆగిన లోపలి హార్బరు. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ ముక్కు మంచులోంచి ఇప్పుడిప్పుడే బయటపడుతోంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్లు ఎరుపు, ఆకుపచ్చ, నారింజ. ఎక్కడా నీడ లేదు, మెత్తదనం లేదు. పాప్ ఆర్ట్‌కి కావలసిన చదునైన రంగులన్నీ ఇక్కడ టన్నుల లెక్కన దొరుకుతాయి, ఎవరూ బొమ్మనుకోరు గానీ.

మీరు గీస్తున్నది సినిమా కటౌట్ లాంటి మనిషిని. ఫిషింగ్ హార్బరులో చేపల వేలం పాడే ఒక పెద్దావిడ. ఓడ ఉండాల్సిన చోట ఆవిడ నిలబడింది, క్రేన్‌కన్నా ఎత్తుగా. నడుము మీద బుట్ట. తల వెనక అమ్మవారి పటంలో వెలుగు వలయం ఉండే చోట, ఓడ పక్కన వేలాడే ఎర్ర తెల్ల రక్షణ చక్రం. ముఖం ఒక లేయరు, చీర ఒక లేయరు, సముద్రం అన్నిటికీ అడుగున. ముక్కు వంకర పోయింది. రెండు వేళ్ళతో తెరను తట్టారు, గీత మాయం. మళ్ళీ గీశారు, మళ్ళీ తట్టారు. పదకొండోసారికి చిరాకొచ్చింది. తుడిచే వీలుంటే మనిషి ఒక్క గీతా నమ్మడు.

ఈ పనికి మీరేమీ ఆద్యులు కారు. 1985 జూలైలో, న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో అమీగా కంప్యూటర్‌ను జనానికి చూపించిన రోజున, పాప్ ఆర్టిస్టు ఆండీ వార్హోల్ వేదిక మీద కూర్చుని గాయని డెబీ హ్యారీ బొమ్మకు మౌసుతో రంగులు పోశాడు. ఆయన అమీగా మీద వేసిన మరికొన్ని బొమ్మలు ఫ్లాపీల్లోనే ఉండిపోయి, 2014లో గానీ వెలుగు చూడలేదు. ఆయన అక్కడ మౌసు కదిలించే నాటికి ఇక్కడ సినిమా హాళ్ళ ముందు హీరోలు నలభై అడుగుల ఎత్తున, చేత్తో పూసిన రంగులతో, కర్రల ఆసరాతో నిలబడి ఉన్నారు.

దిగేటప్పుడు బురుజుపేట మీదుగా వెళ్ళారు. కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆవిడ మీదే. ఎవరి చేత్తో వాళ్ళే పసుపు, కుంకుమ పెట్టుకోవచ్చు. మీ బొమ్మలో ఆవిడ బుగ్గకి ఆ పసుపే కావాలని అరగంట కలర్ వీల్ తిప్పారు మీరు. ఇక్కడ ఆ పసుపు ముందు మనిషి వేలినుంచి వెనక మనిషి వేలికి అంటుకుంటూ పోతోంది.

పదకొండింటికి డాబాగార్డెన్స్‌లో ప్రింటింగ్ షాపు. మిషను తల అటూ ఇటూ పరుగెడుతుంటే కాన్వాసు రోలు మీద ఆవిడ పాదాల దగ్గర్నుంచి పైకి పుట్టుకొస్తోంది. చీర బాగుంది. బుట్ట బాగుంది. సముద్రం వచ్చేసరికి మీ గుండె జారింది. తెర మీద వెలిగిన నీలం గుడ్డ మీద ఉతికి ఆరేసిన యూనిఫాంలా ఉంది. తెరది దీపం రంగు: ఎరుపు, పచ్చ, నీలం వెలుగుల్ని కలిపి కంటికి కొడుతుంది. సిరా అలా వెలగదు, పడిన వెలుగులోంచి కొంత మింగి మిగిలింది తిప్పి పంపుతుంది. అందుకే తెర చూపించే నీలాల్లో కొన్ని ఏ ప్రింటరుకీ అందవు. షాపు కుర్రాడు భుజాలెగరేశాడు. అతని తప్పేం లేదు.

మధ్యాహ్నం, వన్‌టౌన్ మేడమీద గది. కాన్వాసును చెక్క ఫ్రేముకు బిగించి గోడకు ఆనించారు. కింద వాటాలో ఉండే పాత బోర్డు ఆర్టిస్టు తాత, చుట్ట ఆర్పి, మెట్లెక్కి వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"ఏటి బాబూ, సంద్రానికి జొరమొచ్చినాదా? అలగ పాలిపోనాది!"

మీరు నవ్వి ట్యాబ్‌లో అసలు బొమ్మ చూపించారు. నీలాన్ని ఆయన పట్టించుకోలేదు. బొమ్మ మీద పరిచిన సన్నటి గళ్ళను వేలితో చూపించాడు.

"ఇయ్యి మాయే కదేటి! చిన్న ఫొటో మీద గళ్ళు కట్టీవోలం, గుడ్డ మీద పెద్ద గళ్ళు కట్టీవోలం. ఒక్కో గడీ చూసుకుంటా పెంచుకుపోడమే. ముక్కు ఏ గడిలో ఉన్నాదో అదే గడిలో ఎయ్యాల."

ఆ తర్వాత పోస్టర్ల కబుర్లలో పడ్డాడు. 1967లో బాపు ‘సాక్షి’తో మొదలుపెట్టిన ఈశ్వర్ పేరు చెప్పి, ఆయన అక్షరాల ఒంపుని గాలిలో వేలితో చుట్టి చూపించాడు. ఆ వేలు ఇప్పటికీ వణకడం లేదు.

మీరు ఎక్రిలిక్ నీలం తీసి ప్రింటు మీదే పూత మొదలుపెట్టారు. మొదటి పూత పల్చగా, కింది ప్రింటు కనిపించేలా. ఆరాక రెండోది. మూడో పూతకు బ్రష్ జాడలు పైకి తేలాయి, అలలు వాటంతటవే పడ్డాయి. ఒకచోట రంగు జారి ఆవిడ మోచేతి మీదికి వచ్చింది. ఎడమచేతి రెండు వేళ్ళు కాన్వాసును తట్టబోయి మధ్యలో ఆగిపోయాయి. తాత చూడనట్టే ఉన్నాడు.

క్రేన్ తుప్పు మాత్రం కుదరలేదు. ట్యూబుల్లో ఉన్న ఎరుపులన్నీ కలిపి చూశారు. అన్నీ కొత్తగా, షాపు అద్దాల్లోంచి వచ్చినట్టే ఉన్నాయి. తాత మీ చొక్కా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. పొద్దున్న పిట్టగోడకు ఆనించిన చోట ఎర్రటి చార.

"ఇదేటో ఎరికేనా? జేగురు."

నిజమే. బైలదిల్లా కొండల్లోంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద రైళ్ళలో ఈ పోర్టుకు చేరే ఇనుప ఖనిజం హెమటైటు. జేగురులో ఉండేదీ అదే ఐరన్ ఆక్సైడు. తాత కిటికీ గట్టు మీద బొటనవేలు జరిపి చిటికెడు దుమ్ము పోగుచేశాడు. సిరాబుడ్డి మూతలో వేసి, మీ ఎక్రిలిక్ మీడియం రెండు చుక్కలు పోసి, అగ్గిపుల్లతో కలిపాడు. తర్వాత మీ వైపు చూసి బ్రష్ కోసం చెయ్యి చాపాడు.

మీరు ఇచ్చారు.