గిరీంద్రశేఖర బోసు - విరుద్ధేచ్ఛా సిద్ధాంతము

మనస్సునందు మనకే తెలియని భాగమొకటి కలదని చెప్పుట సులభము. ఆ భాగమును ఎరుగుటకు సాధనమేది అనునదే చిక్కు. ఫ్రాయిడు మార్గమున మన దేశమందు ఈ ప్రశ్నను పట్టుదలతో పరిశీలించిన తొలి వైద్యుడు కలకత్తా నివాసి గిరీంద్రశేఖర బోసు (1887-1953).

వైద్యవిద్య ముగించిన పిదప ఆయన కలకత్తా విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రమును చదివి, ఇచ్ఛాదమనమును గూర్చిన సిద్ధాంతవ్యాసమునకు 1921లో డాక్టరు పట్టమును పొందెను. ఆ గ్రంథమును వియన్నాకు పంపగా ఫ్రాయిడుతో ఉత్తరప్రత్యుత్తరములు మొదలై 1937 వరకు సాగినవి. ఇరువురును ఎన్నడును కలిసికొనలేదు. 1922లో పార్సీబాగాన్ సందులోని బోసు గృహమున భారతీయ మనోవిశ్లేషణ సంఘము ఏర్పడెను. మరణపర్యంతము ఆయనయే దానికి అధ్యక్షుడు.

బోసు మతమున ప్రతి కోరికకును దానికి ఎదురైన కోరిక జంటగా నుండును. కొట్టవలెనను కోరిక పైకి కనిపించినచో, దెబ్బ తినవలెనను కోరిక లోపల అణగియుండును. కావున రోగి తన ఊహలో ఒకమారు కొట్టువాని స్థానమునను, మరియొకమారు దెబ్బ తినువాని స్థానమునను నిలువవలెను. త్రాసు పళ్లెములవలె ఈ రెండును పైకిని క్రిందికిని ఊగుచుండగా, అణగియున్నది క్రమముగా ఎరుకలోనికి వచ్చును. ఫ్రాయిడు ఈ సిద్ధాంతమును ఆసక్తితో చదివెను గాని పూర్తిగా అంగీకరింపలేదు.

ఇది యోగశాస్త్రమునకు క్రొత్త వేషమని కొందరు తలపవచ్చును. పతంజలి చెప్పిన ప్రతిపక్షభావనము ఇట్టిదే కదా అని వారి వాదము కావచ్చును. బోసు యోగసూత్రములను శ్రద్ధతో చదివినవాడే. అయినను ఈ పోలిక పైపైది. పతంజలి యందు ప్రతిపక్షమును సాధకుడు పూనికతో భావించి దుష్టవితర్కమును తొలగించుకొనును. బోసు యందు ప్రతిపక్షము తెచ్చుకొనునది కాదు, ముందే లోపల నున్నది. అచ్చట పని తొలగించుట, ఇచ్చట గుర్తుపట్టుట. ఈ భేదమును విడిచినచో బోసు చేసిన పని ఏమియో తెలియదు.

ప్రసంగవశమున పరిభాషను గూర్చి ఒక మాట. ఈ అజ్ఞాతభాగమునకు వంగభాషయందు 'నిర్జ్ఞానము' అను పదము వాడుకకు వచ్చినది. మనము 'అచేతనము' అనుచున్నాము. తెలుగువానికి అచేతనమనగా రాయివంటి జడపదార్థము స్ఫురించును. లోపల అంత సంచలనము గలదానికి ఆ పేరు తగదని నా అభిప్రాయము.

బోసు పద్ధతియందు ఒక బలహీనత లేకపోలేదు. ఎదుటి స్థానమున నిలువుమని రోగికి చెప్పువాడు వైద్యుడే. అప్పుడు బయటపడినది రోగి దాచుకొన్న కోరికయా, లేక వైద్యుని సిద్ధాంతమునకు రోగి చెప్పిన తాళమా? ఐరోపాలో 1925 నాటికి విశ్లేషకుడు కాగోరువాడు తానును మరియొకరిచే విశ్లేషణ పొందవలెనను నియమము బలపడుచుండెను. బోసు తన్ను తానే విశ్లేషించుకొనెను. ఫ్రాయిడును అట్లే చేసెనని సమాధానము చెప్పవచ్చును. కాని ఆత్మపరీక్షయందు ఎదుటి స్థానమున నిలువుమని చెప్పువాడును, నిలుచువాడును ఒక్కడే. వాని కంట బడనిదానిని చూపువాడు వేరొకడు లేడు.